గుండమ్మ యింటికి వచ్చిన అతిథులు

మొన్న ఒక సాహిత్య సమావేశంలో, వయసులోనూ చదువులోనూ నాకంటె పెద్దలైన ఒక మిత్రుడు సూర్యకాంతాన్ని రెండు వాక్యాలలో తేల్చివేశారు. ఆవిడ భూస్వామ్య కుటుంబానికి హాస్యపు పూత పూసిన నటి అన్నది మొదటి వాక్యం. ఆ నవ్వులో ప్రజలకు దక్కింది శూన్యం అన్నది రెండోది. సభ చప్పట్లు కొట్టింది. నేను కొట్టలేదు. కారణం చెప్పే వ్యవధి అక్కడ దొరకలేదు గనుక యిక్కడ చెబుతున్నాను.

ఆవిడను గురించి మనలో రెండే అభిప్రాయాలు చలామణీ అవుతున్నాయి. ఒకటి మా మిత్రుడిది. రెండోది ఆదివారపు అనుబంధాలది: తెరమీద గయ్యాళి గాని మనసు వెన్న, షూటింగుకు యింటినుంచి వంటలు తెచ్చి అందరికీ వడ్డించేది, పాపం, ఆ పేరు ఆడపిల్లలకు పెట్టడమే మానేశారు. పైకి యీ రెండూ శత్రు శిబిరాల మాటల్లా వుంటాయి. పునాది మాత్రం ఒకటే. గుండమ్మ చెడ్డదన్న విషయంలో వుభయులకూ పేచీ లేదు. ఒకరు ఆ చెడ్డతనాన్ని నటికి అంటగడతారు, రెండోవారు నటిని దాన్నుంచి తప్పించి క్షమిస్తారు. అసలు గుండమ్మను విచారించిన వారేరీ?

'గుండమ్మ కథ' 1962లో విడుదలైంది. విజయావారి చిత్రం, దర్శకుడు కమలాకర కామేశ్వరరావు. రామారావుకు 100వది, నాగేశ్వరరావుకు 99వది. సావిత్రి, జమున, రంగారావు వుండనే వున్నారు. యింతమంది వున్నా చిత్రానికి పేరు గుండమ్మది. కథానాయకులిద్దరూ ఆ యింటికి వచ్చిపోయే అతిథులు. ఒకడు నౌకరుగా కుదురుతాడు. యింకొకడు చిన్నకూతురిని పెళ్ళాడి, తాను పేదవాడినని నమ్మించి, ఆమెను తోటపనికి దించుతాడు. యిద్దరూ ధనికుడి కొడుకులే. వచ్చిన పని యింటి ఆడవాళ్ళ మెడలు వంచటం.

గుండమ్మ వితంతువు. ఆస్తీ, తాళంచెవులూ ఆమె చేతిలో వున్నాయి. 1937 నాటి చట్టం హిందూ వితంతువుకు బతికినన్నాళ్ళు అనుభవించే పరిమిత హక్కు మాత్రమే యిచ్చింది. 1956లో హిందూ వారసత్వ చట్టం, 14వ సెక్షను కింద, ఆ పరిమితిని తీసివేసి ఆమెను పూర్తి యజమానిని చేసింది. తర్వాత 6 ఏళ్ళకు యీ చిత్రం. దర్శకుడి బల్లమీద చట్టం పుస్తకం వున్నదని నేననను. కథకు మూలం కన్నడ చిత్రమన్న సంగతీ ఎరుగుదును. గాని హాల్లో కూర్చున్న మగవాడి నవ్వుకు కారణం వెదకాలంటే వాడి యింటి దస్తావేజులు కూడా తిరగవేయాలి. రాక్షసి హిడింబిగా 'మాయాబజార్' (1957)లో కనిపించినప్పుడు అదే నటికి ఎంత మర్యాద దక్కిందో చూడండి! ఆస్తిగల వితంతువుగా కనిపించినప్పుడే ఆవిడ రాక్షసి అయింది.

సవతి కూతురు లక్ష్మి చేత యింటెడు చాకిరీ చేయించినది ఆవిడే గదా అంటారు. అవును. దానికి సమర్థన లేదు. అధికారం చేతికందిన స్త్రీ తనకంటె బలహీనురాలైన స్త్రీమీదే దానిని ప్రయోగించింది. అయితే లక్ష్మికి న్యాయం ఏ దారిన వచ్చింది? తండ్రి స్వార్జితంలో కూతురికీ భాగం వున్నదని చెప్పింది కూడా ఆ 1956 చట్టమే. కథ ఆ దారి తొక్కలేదు, పెళ్ళిదారి పట్టింది. గుండమ్మ పెత్తనం పోయింది, లక్ష్మికి మంచి మొగుడు వచ్చాడు. మా మిత్రుడు భూస్వామ్యాన్ని వెదకవలసిన చోటు యిది. ఆయన సూర్యకాంతం విసిరే ఎడమచేతిలో వెదికారు.

అమెరికాలో లూసిల్ బాల్ అనే హాస్యనటి వుండేది. 1951 నుంచి 57 దాకా ఆమె నడిపిన 'ఐ లవ్ లూసీ' టెలివిజన్ నాటికలో విలియం హోల్డెన్, జాన్ వేన్ వంటి తారలు అతిథులుగా వచ్చేవారు. హోల్డెన్ మొహాన మిఠాయి పళ్ళెం బోర్లాపడుతుంది, జనం నవ్వుతారు, ఆయన వెళ్ళిపోతాడు. యిల్లు లూసీదిగానే మిగులుతుంది. 1936లో కమ్యూనిస్టు ఓటరుగా పేరు నమోదు చేయించుకున్నందుకు 1953లో ఆమెను విచారణకు పిలిచారు. తాతగారి తృప్తికోసం చేశానని చెప్పి బయటపడింది. (ఆ జవాబు కూడా మంచి హాస్యనటి చెప్పవలసినదే.) విడిపోయిన భర్త వాటా కొని నిర్మాణ సంస్థకు ఆమె అధిపతి అయినది 1962లో. సరిగ్గా అదే యేడు మనవాళ్ళు గుండమ్మ చేతిలోని తాళంచెవులు లాక్కున్నారు.

ఒక్క సంగతి రామారావుగారి పక్షాన చెప్పాలి. ముఖ్యమంత్రిగా ఆయన ప్రభుత్వమే 1986 చట్టంతో వుమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు సమాన హక్కు యిచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. కాకపోతే అంతకుముందే పెళ్ళయిన వాళ్ళకు వర్తించదన్నారు. అంటే లక్ష్మి, సరోజ లెక్కలోకి రారు. వాళ్ళ తరం 2005 కేంద్ర సవరణ దాకా ఆగవలసి వచ్చింది.

ఉప్మాకలో మా నాన్నమ్మను వెనకనుంచి అందరూ సూర్యకాంతం అనేవారు. చిన్నతనంలోనే భర్త పోయాడు. మిగిలినది కాస్త పల్లపు భూమి, ఒక జీడితోట. వెంకన్న కల్యాణానికి మరుదులు బళ్ళు కట్టుకు వచ్చేవారట. నాలుగు రోజులు తిని, వెళ్ళేముందు కాగితం మీద వేలిముద్ర మాట ఎత్తేవారట. ఆవిడ ఎడమచేత్తో గుమ్మం చూపించేది. నా ఎం.ఏ. ఫీజులన్నీ ఆ జీడితోటలోంచే వచ్చాయి. టీవీలో 'గుండమ్మ కథ' వేస్తే ఆవిడ మొదటినుంచీ పగలబడి నవ్వుతూ చూసేది. దుర్గమ్మ వేషంలో ఛాయాదేవి ఆ యింట్లో అడుగుపెట్టి పెత్తనం మొదలెట్టేసరికి మాత్రం, చీపురు తీసుకుని దొడ్లోకి వెళ్ళిపోయేది.