మచ్చలు మాయమయ్యాక...

శ్రీకాకుళం జిల్లాలో మూత్రపిండాల మాట వింటేనే మనకు ఉద్దానం గుర్తొస్తుంది. అందుకే బిడ్డ కాళ్ళపై ఎర్రని మచ్చలు, కీళ్ళనొప్పి, కడుపునొప్పి వచ్చి, మూత్రంలో కొద్దిగా రక్తం కనిపిస్తే హడలిపోతాం. ఇది ఉద్దానం వ్యాధి కాదు. సన్నని రక్తనాళాలు వాచే 'హెనాక్-షోన్‌లైన్ పర్‌ప్యూరా'. మూత్రపిండాల వాపు స్వల్పమైతే చాలామంది పిల్లల్లో దానంతటదే తగ్గుతుంది. ముందుజాగ్రత్తగా స్టెరాయిడ్ వాడినా ఆ వాపును నివారించలేమని పరిశోధనలు తేల్చాయి. మూత్రంలో ప్రోటీన్ అధికంగా, ఎడతెగక పోతుంటే వైద్యులు స్టెరాయిడ్ ఇవ్వవచ్చు. అలా మొదలుపెట్టిన మందును మనంతట మనం హఠాత్తుగా ఆపరాదు. మచ్చలు పోయినా కనీసం 6 నెలలు మూత్రం, రక్తపోటు పరీక్షించాలి. మనం మరచేది ఈ పరీక్షలనే. బిడ్డ మనకు అల్లాహ్ అప్పగించిన అమానత్ కదా!