మన పెన్‌డ్రైవ్‌కొస్తే అంటు, పోలీస్ స్టేషన్‌కొస్తే దాడి

ఈ వారం స్కాలర్‌షిప్పుల గురించి రాస్తానని మాటిచ్చాను. అది వచ్చే వారం రాస్తాను. ఈలోపు మా కాలేజీలో జరిగిన ఒక విషయం మీతో చెప్పాలి. చూడ్డానికి చిన్నదే.

మా డిగ్రీ విద్యార్థిని ఒకమ్మాయి సంక్షేమ హాస్టల్లో ఉంటుంది. వాళ్ల పేటలో ఊడుపుల పాటలు సేకరించి ప్రాజెక్టు చేస్తోంది. ఎక్కువ పాటలు వాళ్ల నాయనమ్మవే. సంక్రాంతికి ముందు ఆవిడ చనిపోయింది. పాటల రికార్డింగులు, నాలుగు నెలలు టైపు చేసిన రాత, అన్నీ ఒకే పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. ప్రింటు తీసుకుందామని ల్యాబ్‌కి వెళ్తే, "హాస్టల్ వాళ్ల పెన్‌డ్రైవ్‌లు ఇక్కడ పెట్టకండి, మీవన్నీ వైరస్‌లే" అని అందరి ముందూ అన్నారట. తెరిచి చూస్తే ఫోల్డర్లు లేవు, వాటి బదులు షార్ట్‌కట్‌లున్నాయి. నా దగ్గరకొచ్చి, "నానేటీ సెయ్యనేదు మేడం, నాయనమ్మ పాటలన్నీ ఎలిపోనాయి" అని ఏడ్చింది.

పాటలు పోయాయన్న బాధకంటే ముందు ఆ పిల్ల నోట్లోంచి వచ్చిన మాట "నానేటీ సెయ్యనేదు". నేరం చేయలేదని రుజువు చేసుకోవాల్సిన స్థితిలో ఎవరు పెట్టారు ఆ పిల్లని?

నాకు ఈ సిగ్గు తెలుసు. పీహెచ్‌డీ చేసే రోజుల్లో మా ఇంట్లో ఒక సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్ ఉండేది. ఇలాగే వైరస్ వచ్చింది. రిపేరు షాపతను అడగకుండానే ఫార్మాట్ కొట్టేశాడు. థీసిస్‌లో రెండు అధ్యాయాలు పోయాయి. "కంప్యూటర్ వాడ్డం రాకపోతే ఎందుకమ్మా మీకు?" అన్నాడు. తప్పు నాదేనని చాలా ఏళ్లు నమ్మాను.

ఇప్పుడు తెలిసింది చెప్తాను. ఆ అమ్మాయి ఫైళ్లు ఎక్కడికీ పోలేదు. ఈ షార్ట్‌కట్ వైరస్ పని అదే. మన ఫోల్డర్లను దాచేస్తుంది. అవే పేర్లతో షార్ట్‌కట్‌లు పెడుతుంది. వాటి మీద నొక్కితే ముందు వైరస్ నడుస్తుంది, ఆ తర్వాత మన ఫోల్డర్ తెరుచుకుంటుంది. అంతా బాగానే ఉందనుకుంటాం. ఆ కంప్యూటర్‌లో తర్వాత ఎవరు పెన్‌డ్రైవ్ పెట్టినా వాళ్లకీ ఎక్కుతుంది. మా ఇంటికి తీసుకెళ్లి, దాచిన ఫైళ్లు కనిపించేలా సెట్టింగు మార్చాం. నాయనమ్మ పాటలన్నీ దొరికాయి.

మరి వైరస్ ఎక్కణ్ణుంచి వచ్చింది? మర్నాడు ఒక కొత్త పెన్‌డ్రైవ్ కొని, ఒక్క ఫోల్డర్ వేసి, ఆ ల్యాబ్‌లోనే ఒక కంప్యూటర్‌లో పెట్టాం. బయటికి తీసేసరికి షార్ట్‌కట్ తయారు. అది విండోస్ 7 మిషను. 2020 జనవరి 14 తర్వాత దానికి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. ల్యాబ్‌లో ఆ మాటన్నాయన కూడా కాంట్రాక్టు ఉద్యోగే. పాత మిషన్లను ఆయన నెత్తిన పెట్టి చేతులు దులుపుకున్నవాళ్లు వేరే ఉన్నారు. అయినా నింద మాత్రం మెట్లు దిగి దిగి చివరికి హాస్టల్ పిల్ల మీదే ఆగింది.

ఇప్పుడు మన జిల్లాకే జరిగిన ఇంకో సంగతి గుర్తు చేస్తాను. 2017 మే 12న వానాక్రై అనే వైరస్ ప్రపంచం మీద పడింది. 150కి పైగా దేశాల్లో లక్షల కంప్యూటర్లలో ఫైళ్లకు తాళం వేసి, తీయాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమంది. బ్రిటన్‌లో ప్రభుత్వాసుపత్రుల్లో ఆపరేషన్లు ఆగిపోయాయి. మన రాష్ట్రంలో శ్రీకాకుళం, విశాఖపట్నం, కృష్ణా, గుంటూరు, చిత్తూరు జిల్లాల్లో పోలీసు శాఖ కంప్యూటర్లకు సోకిందని అప్పుడు పత్రికల్లో వచ్చింది. దాన్ని అందరూ "సైబర్ దాడి" అన్నారు. పోలీసులవి మురికి అలవాట్లని ఎవరూ అనలేదు. అనకూడదు కూడా. ఎందుకంటే ఆ వైరస్‌కి ఎవరూ దేని మీదా నొక్కక్కర్లేదు. విండోస్‌లో ఉన్న ఒక లోపం గుండా ఒక మిషన్ నుంచి ఇంకో మిషన్‌కి దానంతటదే పాకింది. ఆ లోపాన్ని వాడుకునే ఆయుధాన్ని తయారుచేసింది అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏ. అది దొంగల చేతిలో పడి 2017 ఏప్రిల్‌లో బయటికొచ్చింది. మైక్రోసాఫ్ట్ మార్చిలోనే అప్‌డేట్ ఇచ్చింది. వేసుకోనివాళ్లు, వేసుకోలేని పాత మిషన్లున్నవాళ్లు దొరికిపోయారు.

అంటే వైరస్ వచ్చేది పాత మిషన్‌కి, అప్‌డేట్ లేని మిషన్‌కి. మిషన్ ఎందుకు పాతది? కొత్తది కొనే డబ్బు లేక. దొంగ విండోస్ ఎందుకు వేసుకున్నారు? అసలుది కొనలేక. పేదరికం నుంచి వచ్చినదాన్ని పుట్టుక నుంచి వచ్చిందన్నట్టు మాట్లాడ్డం ఈ దేశానికి కొత్త కాదు. తెలుగులో అంటువ్యాధికీ అంటరానితనానికీ ఒకటే క్రియ. క్లాసులో ఈ సంగతి చెప్తుంటాను. ల్యాబ్‌లో అది ఇంకా బతికే ఉంది.

మాది విజయనగరంలో రెల్లి వీధి. మా అమ్మ మునిసిపాలిటీలో పారిశుధ్య కార్మికురాలిగా పనిచేసింది. శుభ్రం చేసేవాళ్లని మైల అనే సమాజం, కంప్యూటర్ శుభ్రం చేసేవాణ్ణి మాత్రం టెక్నీషియన్ అని గౌరవించి అయిదొందలు చేతిలో పెడుతుంది. కేంద్ర ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన వైరస్ నిర్మూలన కేంద్రం పేరు "సైబర్ స్వచ్ఛతా కేంద్ర". పేరు చూసి నవ్వొచ్చినా, అది ఇచ్చే టూల్స్ ఉచితం, వాడుకోండి. ఈ పని నేర్చుకోవడానికి షాపతని దయ అక్కర్లేదు. ఇంట్లో ఇలా చేయండి.

ముందు నెట్ తీసేయండి. అనుమానమొచ్చిన కంప్యూటర్‌లో ఇంకే పెన్‌డ్రైవూ పెట్టకండి. షార్ట్‌కట్‌ల మీద నొక్కకండి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ కింద హిడెన్ ఐటమ్స్‌కి టిక్ పెట్టండి. అప్పటికీ కనిపించకపోతే ఆప్షన్స్‌లో సిస్టమ్ ఫైళ్లను దాచమనే టిక్ తీసేయండి. మీ రాతలు, ఫొటోలు, రికార్డింగులు మాత్రమే వేరేచోటికి కాపీ చేసుకోండి. ప్రోగ్రాములు, షార్ట్‌కట్‌లు వద్దు.

తర్వాత నెట్ పెట్టి విండోస్ సెక్యూరిటీని అప్‌డేట్ చేయండి. విండోస్ 10, 11లలో డిఫెండర్ దాంతోనే వస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు. ఫుల్ స్కాన్ చేయండి, దాని తర్వాత ఆఫ్‌లైన్ స్కాన్ చేయండి. ఆఫ్‌లైన్ స్కాన్ విండోస్ లేవకముందే వెతుకుతుంది కాబట్టి దాక్కున్నవీ దొరుకుతాయి. పావుగంట పడుతుంది. మీరు వేయని ప్రోగ్రాములు, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు తీసేయండి. "డిఫెండర్ ఆపి ఇది నడపండి" అనే దొంగ యాక్టివేటర్లను నమ్మకండి, చాలాసార్లు దొంగకి తలుపు తీసేది అవే. ఇంత చేసినా వదలకపోతే అప్పుడు ఫార్మాట్, అదీ ఫైళ్లు భద్రం చేసుకున్నాకే. పాస్‌వర్డులు వేరే శుభ్రమైన మిషన్ నుంచి మార్చండి. మిషన్ మరీ పాతదైతే లినక్స్ మింట్ లాంటిది ఉచితంగా వేసుకోవచ్చు. ముఖ్యమైన రాత ఎప్పుడూ రెండుచోట్ల ఉండాలి.

కార్యకర్తలకు ఇంకో మాట. మనకిది ప్రాజెక్టు పోవడంతో ఆగదు. భీమా కోరేగావ్ కేసులో అరెస్టయిన రోనా విల్సన్ ల్యాప్‌టాప్‌ని డిఫెన్స్ తరఫున పరిశీలించిన ఆర్సెనల్ అనే అమెరికా సంస్థ 2021 ఫిబ్రవరిలో రిపోర్టు ఇచ్చింది. నెట్‌వైర్ అనే మాల్‌వేర్ 2016 జూన్‌లో ఆ మిషన్‌లోకి చేరిందని, 22 నెలలు ఉందని, కేసులో సాక్ష్యంగా చూపిన ఉత్తరాలను దాని ద్వారానే ఒక రహస్య ఫోల్డర్లో పెట్టారని చెప్పింది. అది వచ్చింది మన వరవరరావు గారి ఈమెయిల్ ఖాతా నుంచి, అంటే నమ్మకమైన మనిషి పేరుతో. ఎన్ఐఏ ఆ రిపోర్టుని ఒప్పుకోలేదు. విల్సన్‌కి బెయిలు దొరికింది 2025 జనవరిలో, అరెస్టయిన ఆరున్నరేళ్లకి. అందుకే, స్నేహితుల పేరుతో వచ్చిన అటాచ్‌మెంటైనా అనుకోనిది అయితే తెరవకముందు ఫోన్ చేసి అడగండి. మీ కంప్యూటర్‌లో వింతగా ఏదైనా కనిపిస్తే సిగ్గుపడి దాచకండి. దాచిన కొద్దీ అది ఇంకా ఎక్కువ రోజులు ఉంటుంది. సిగ్గు వైరస్‌కి మంచి స్నేహితుడు.

ఇదంతా చెప్తే మా అమ్మ ఒకటే అడిగింది: "కాలవ ఎక్కడ పూడిందో సూడకండా ఇంటోలని తిడితే నీరు ఎలిపోద్దేటి?"

ఈ వారం ల్యాబ్ మిషన్లన్నీ స్కాన్ చేయాలని, పాతవి మార్చాలని మా విద్యార్థులు ప్రిన్సిపాల్ గారికి అర్జీ ఇచ్చారు. మొదటి సంతకం ఆ అమ్మాయిదే. మీ కాలేజీలో, మీ హాస్టల్లో మీరూ అడగండి. ఈ ఆదివారం మా ఇంట్లో ఎవరికి వాళ్లు కంప్యూటర్ శుభ్రం చేసుకోవడం నేర్పిస్తాను. పెన్‌డ్రైవ్‌లు పట్టుకొని రండి. ఎవరి పెన్‌డ్రైవూ ఇక్కడ అంటు కాదు.

జై భీమ్.