పెరటితోట: పియోనీ పుష్పమును మన చలికాలమును



ఈ నడుమ ఫోను తెఱచినంతనే పియోనీ అను పువ్వు చిత్రములు కనబడుచున్నవి. అరచేతినిండ విచ్చుకొని, పొరలు పొరలుగా రేకులు నిండి, గులాబియో తామరయో తెలియరాని యందముతో నుండు నాపువ్వును చూచి, దీనిని మన పెరటిలో పెంచరాదా యని పలువు రడుగుచున్నారు. మా ఖానాపూరు ప్రాంతమువారికి ఈయాస మఱింత యెక్కువ. తెలంగాణమున చలికి పేరుపడినది పూర్వపు ఆదిలాబాదు జిల్లాయే గదా! 2016వ సంవత్సరమున మేము నిర్మలు జిల్లాలో చేరితిమి గాని మా చలి మమ్ము విడువలేదు. పుష్యమాసపు వేకువను కుంపటి దగ్గఱనుండి లేవ మనసొప్పదు. ఇంత చలి యుండగా చలిదేశపు పువ్వు మనకేల పూయదను ప్రశ్న న్యాయమైనదే. సొమ్ము వెచ్చించుటకు ముందే దీనికి సమాధానము తెలిసికొనుట గృహిణికి మేలు.

పియోనీలలో నేలలో దుంపవేళ్లు గలిగి యేటేట చిగిర్చునవి కొన్ని, కొయ్యబాఱిన కొమ్మలతో పొదలుగా పెరుగునవి కొన్ని. తోటలలో విరివిగా పెంచు దుంపజాతి చీనా, మంగోలియా, సైబీరియా దేశములది. మన దేశమునను దీని తోబుట్టువు లేకపోలేదు. పశ్చిమ హిమాలయమున, సుమారు 1800 మీటర్లకు పైబడిన యెత్తున, తెల్లని రేకులతో నొక పియోనీ పూయును. కాశ్మీరమున దానిని మమేఖ్ అందురు. శాస్త్రజ్ఞులు దానికి 'ఎమోడి' యని పేరిడిరి. ప్రాచీన గ్రీకులు హిమాలయమును ఎమోడస్ అని పిలుచుటయే యందులకు కారణము. హిమవంతుని పేరే తనపేరుగా గల యాపువ్వు కొండ దిగి మన మైదానములకు రాకుండుట గమనింపదగినది.

దానికి కారణమిది. శీతకాలము రాగానే పియోనీ ఆకు రాల్చి నిద్రపోవును. మరుసటి యేటి మొగ్గలు 'కన్నుల' రూపమున దుంపతలపై నుండును. చలి తగినంతకాలము గడచినగాని యాకన్నులు తెఱచుకొనవు. రకమును బట్టి హెచ్చుతగ్గులున్నను, సుమారు అయిదు డిగ్రీల చలి ఆఱు వారములైన నుండవలెనని యెంచవచ్చును. ఈకట్టుబాటు మొక్కకు రక్షణ. నడిచలికాలమున రెండుదినములు వెచ్చగా నెండ కాసినంతనే వసంతము వచ్చినదని భ్రమించి చిగిర్చినచో, మఱునాటి మంచుకు ఆచిగురు మాడిపోవును. కావుననే అది చలి తీవ్రతను మాత్రమే గాక కాలమును గూడ లెక్కించును.

ఇక మన లెక్క చూతము. ఆఱు వారములనగా 1008 గంటలు. మనకు మిక్కుటమైన చలిరాత్రులు ఇరువది యని యుదారముగా ననుకొని, రాత్రి కయిదేసి గంటల చొప్పున వేసినను నూఱు గంటలే యగును. ప్రొద్దెక్కినంతనే యెండ చురుకుమనును. పైగా మన మెఱుగునది గాలిలోని చలి; దుంప యుండునది నేలలో, నేల గాలియంత త్వరగా చల్లబడదు. అందుచేత మనలను వణికించు చలి పియోనీకి చాలదు. ఒకవేళ చిగిర్చినను వేసవి యెండ దాని యాకును మాడ్చును. వానకాలమున నల్లరేగడి తడి దుంపను కుళ్లజేయును. మొగ్గలకు బూజుతెగులు పట్టుటయు కలదు.

అయినను మక్కువ తీరనివారు శీతలపేటికను ఆశ్రయింపవచ్చును. పూలవర్తకులు దుంపలను చల్లని గదులలో నుంచి కావలసిన కాలమున పూయించు పద్ధతి యిదియే. దుంపను కొంచెము తడిపిన కొబ్బరిపొట్టులో చుట్టి, రంధ్రములు గల సంచిలో నుంచి, మంచుగడ్డ కట్టు అరలో గాక క్రింది యరలో ఎనిమిది పది వారములు దాచవలెను. పండిన పండ్లను దాని చెంత నుంచరాదు. వాటినుండి వెలువడు వాయువు మొగ్గలను చెఱచును. మార్గశిరమున తీసి, ఇసుక కలిపిన మట్టితో గోలెములో నాటి, ఉదయపు టెండ మాత్రమే తగులనీయవలెను. ఇంత శ్రమించినను ఒక్క పూతకంటె నాశింపరాదు. మన వేసవిలో దుంప బలము కూడబెట్టుకొనజాలదు గనుక ఏటేట క్షీణించును.

చికాగో, న్యూజెర్సీ వంటి చోట్ల కాపురమున్న మన యాడుబిడ్డల కీచిక్కు లేదు. వారికి చెప్పదగిన దొక్కటే: కన్నులు మన్నులో రెండంగుళములకు మించి దిగరాదు, లోతుగా నాటినచో ఆకే గాని పువ్వు రాదు. డల్లాసు వంటి వెచ్చని చోట్ల అంగుళము లోతే చాలును. అచ్చట శీఘ్రముగా పూయు, రేకులు తక్కువైన రకములను ఎన్నుకొనుట మేలు.

విత్తనముల విషయమున మిక్కిలి జాగ్రత్త వలయును. నిజమైన పియోనీ విత్తనము మొలచుటకే ఒకటి రెండేండ్లు పట్టును. పూయుటకు మఱి నాలుగైదేండ్లు. నెలరోజులలో పూయునని యెవరైన చెప్పినచో నమ్మకుడు. 'పియోనీ పాపీ' యని వేఱొకటి కలదు. అది పియోనీ కాదు. ముద్దపూలు పూయు గసగసాల మొక్క, అనగా నల్లమందు మొక్క. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము ప్రకారము అనుమతి లేక దానిని పెంచుట నేరము. అందమునకై పెంచితిమన్న మాట చట్టము ముందు చెల్లదు.

పరదేశపు పువ్వులన్నియు మనకు పనికిరావని నాభావము గాదు. మన బతుకమ్మలో నొదుగు చేమంతియు చీనానుండి వచ్చినదే. అయితే చేమంతి చలిని లెక్కింపదు, రాత్రి నిడివిని లెక్కించును. రాత్రులు దీర్ఘమైనంతనే మొగ్గ తొడుగును. దీర్ఘరాత్రులు మనకును కలవు గనుక అది మనదైపోయినది. కాబట్టి క్రొత్తమొక్కను గూర్చి మన మడుగవలసినది అది యేదేశమునుండి వచ్చినదని కాదు, పూయుటకు ఏమి కోరునని.

పియోనీ రూపమునే కోరువారికి నేను చెప్పునది స్థలపద్మము. ఇది మందారముల కుటుంబమునకు చెందినది. దీనికిని చీనాయే జన్మభూమి. ముద్దరకపు పువ్వు దూరమునుండి చూచిన పియోనీవలెనే యుండును. ఉదయమున తెల్లగా విచ్చి, మధ్యాహ్నమునకు లేతగులాబివన్నెయై, సాయంకాలమునకు ఎఱ్ఱబాఱి ముడుచుకొనును. చల్లని చోట నుంచినచో ఈరంగు ఆలస్యమగును. వెచ్చదనము దానిని త్వరపెట్టును. పియోనీకి శత్రువైన వేడిమియే దీనికి అలంకారము.

పెంపకము సులభము. వానకాలారంభమున పెన్సిలంత లావు గల జానెడు కొమ్మను కోసి, సగము ఇసుకమన్నులో దిగునట్లు నీడను నాటినచో కొన్ని వారములలో వేరూనును. తరువాత ఎండ బాగుగా తగులుచోటికి మార్చవలెను. నల్లరేగడియైనచో మట్టి యెత్తుచేసి, మాగిన పశువుల యెరువు కలిపి నాటుడు. ఎఱ్ఱచెలకయైనచో ఆకుచెత్త పఱచి తడి నిలుపుడు. నిలువెత్తును మించి పెరుగును గనుక గోడకు నాలుగడుగుల యెడముండవలెను. క్రొత్తకొమ్మలపైననే పూయును గనుక మాఘమున మోకాలెత్తున కత్తిరింపవలయును. పిండినల్లి పట్టినచో నీటిధారతో కడిగి, సబ్బునీట కలిపిన వేపనూనె చల్లుడు. నర్సరీలో 'హైబిస్కస్ మ్యూటాబిలిస్' అని యడిగి, వీలైనచో పూచిన మొక్కనే చూచి కొనుడు.

ఇది పూయునది భాద్రపదము చివరనుండి కార్తికమువరకు. బతుకమ్మ పండుగనాటి యుదయమున కోసిన తెల్లని పువ్వులను ఒక వరుసగా పేర్చి చూడుడు. ప్రొద్దుగ్రుంకి మన మాడుటకు చేరునప్పటికి ఆవరుస యెఱ్ఱనై యుండును.