డీహ్యూమిడిఫైయర్ కార్ట్‌లో వేసే ముందు అద్దం ఏ వైపు తడిసిందో చూడండి

వానాకాలం మొదలైతే చాలు, ఫోన్ల గురించి అడిగే ఫ్రెండ్సే "ఏ డీహ్యూమిడిఫైయర్ కొనమంటావ్ బ్రో?" అని మెసేజ్‌లు పెడతారు. నా జవాబు ఒక్కటే. మీలో చాలామందికి అది అక్కర్లేదు. అందులో పదో వంతు కూడా ఖర్చు కాని హైగ్రోమీటర్ ముందు కొనండి.

వైజాగ్‌లో మా ఇంటి సంగతే చెప్తా. మా తమ్ముడు ఏసీ 18లో పెట్టి దుప్పటి కప్పుకుని పడుకునే రకం. పొద్దున లేచేసరికి కిటికీ అద్దం మీద నీళ్లు ధారలు కడుతుంటాయి. వాడూ మెషిన్ ఆర్డర్ పెట్టబోయాడు. "ఒరేయ్, ముందు లోపలి నుంచి అద్దాన్ని వేలితో తుడిచి చూడు" అన్నాను. వేలికి తడే అంటలేదు. నీళ్లన్నీ బయటి వైపే ఉన్నాయి.

ఇక్కడ చూడాల్సింది తేమ శాతం కాదు, డ్యూ పాయింట్. ఏ వస్తువైనా ఆ ఉష్ణోగ్రత కంటే చల్లబడితే దాని మీద నీళ్లు పడతాయి. తేమ 50 శాతం పైన ఉన్నప్పుడు సింపుల్ లెక్క ఒకటుంది. 100 నుంచి తేమ శాతం తీసేసి, మిగిలింది 5తో భాగించి, వచ్చింది ఉష్ణోగ్రతలోంచి తీసేయండి. రాత్రి బయట 29 డిగ్రీలు, తేమ 85 శాతం అనుకుంటే డ్యూ పాయింట్ 26. అద్దం ఉష్ణోగ్రత లోపలికీ బయటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఏసీ 18లో ఉంటే అద్దం 26 కంటే బాగా కిందికి పడిపోతుంది, 26లో పెడితే పడదు. అంతే కథ. గదిలో ఎంత పెద్ద మెషిన్ పెట్టినా బయట సముద్రపు గాలిలో తేమ తగ్గుతుందా? స్టార్ రేటింగ్ ఏసీలన్నీ డిఫాల్ట్‌గా 24లో ఆన్ అవ్వాలని 2020 జనవరి నుంచి బీఈఈ రూల్ ఉంది. కొన్న రోజే దాన్ని 18కి దించేది మనమే.

న్యూజెర్సీలో ఉన్న మా కజిన్‌కి జనవరిలో దీనికి రివర్స్. అక్కడ అద్దం లోపలి వైపు తడుస్తుంది. బయటి చలిగాలిలో నీటి ఆవిరి చాలా తక్కువ కాబట్టి కాసేపు కిటికీ తెరిచినా పని జరుగుతుంది. అదే సలహా యూట్యూబ్‌లో చూసి జులైలో వైజాగ్‌లో కిటికీ తెరిస్తే తేమను ఇంట్లోకి పిలిచి కూర్చోబెట్టినట్టే.

అద్దం తడి చూడ్డానికి చిరాకే కానీ పెద్ద ప్రమాదం కాదు. ప్రమాదమంతా గది లోపలి తేమతోనే. మా అమ్మకి ఆస్తమా. ఆవిడ పడుకునే గదిలో బీరువా వెనక గోడకి నల్లగా బూజు పట్టింది. మీటర్ పెడితే 24 డిగ్రీల దగ్గర 78 శాతం చూపించింది. 60 దాటనివ్వొద్దని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెప్తుంది. అసలు విలన్ బట్టల స్టాండ్. వానాకాలంలో నలుగురి బట్టలూ ఆరేది ఆ గదిలోనే. వాషింగ్ మెషిన్ ఎంత పిండినా ఒక్క లోడ్ ఆరేసరికి లీటర్ల కొద్దీ నీళ్లు గాలిలో కలుస్తాయి.

స్టాండ్ బాల్కనీకి వెళ్లింది. స్నానాలయ్యాక అరగంట ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతోంది. బీరువా గోడకి జానెడు దూరం జరిగింది. ఏసీ ఫ్యాన్ ఆటోలో, పడుకునే ముందు గంటసేపు డ్రై మోడ్‌లో. ఇన్వర్టర్ ఏసీ సెట్ చేసిన చల్లదనం వచ్చాక నెమ్మదిస్తుంది, అప్పుడు తేమ లాగడం కూడా తగ్గిపోతుంది. డ్రై మోడ్ అవసరం అందుకే. వారంలో మీటర్ 58కి దిగింది. అమ్మ ఇన్‌హేలర్ మామూలుగానే వాడుతోంది, కానీ అర్ధరాత్రి దగ్గుతో లేచి కూర్చోవడం తగ్గింది.

నిజానికి మీ ఏసీయే డీహ్యూమిడిఫైయర్. పైగా అది వేడిని బయటికి పంపిస్తుంది. విడిగా కొన్న మెషిన్ ఆ వేడిని గదిలోకే వదుల్తుంది, దాన్ని చల్లార్చడానికి మళ్లీ ఏసీ. ఇక మూడు వేలకి దొరికే పెల్టియర్ బుల్లి డబ్బాలైతే నా దృష్టిలో లైట్ వెలిగే బొమ్మలు. ఏసీ లేని, కిటికీ తెరవలేని గదికి కంప్రెసర్ మోడల్ కొంటానంటే ఒప్పుకుంటా. లెన్స్‌కి ఫంగస్ పడుతుందన్న భయమైతే డ్రై క్యాబినెట్ కొనుక్కోండి, గది మొత్తాన్ని ఆరబెట్టక్కర్లేదు.

మీటర్ ఏదైనా పర్లేదు కానీ దాన్ని గుడ్డిగా నమ్మొద్దు. బీటెక్ మినీ ప్రాజెక్ట్‌లో మనమంతా వాడిన ఆ నీలం డీహెచ్‌టీ11కి డేటాషీట్‌లోనే 5 శాతం అటూ ఇటూ అని ఉంటుంది. ఇంట్లోనే టెస్ట్ చేసుకోవచ్చు. బాటిల్ మూతలో ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంత వరకే నీళ్లు కలపండి. దాన్నీ మీటర్‌నీ జిప్ కవర్‌లో పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దునకి లోపల తేమ 75 శాతం ఉండాలి. మీటర్ 70 చూపిస్తే ఆ 5 కలుపుకుని చదవండి. యాప్‌లో ఆఫ్‌సెట్ ఆప్షన్ ఉంటే అక్కడే సెట్ చేసేయండి.