రెసిస్టరు లోలకులు, డయోడు తాయెత్తులు

రేడియో మరమ్మతు చేయువారి బల్లమీద చెదరి పడియున్న రెసిస్టరులను చూచినపుడు, ఇవి పూసల దండకు పనికివచ్చునే యని తోచుట సహజము. ఒంటిమీద రంగురంగుల గీతలు, ఇరుప్రక్కల సన్నని తీగలు, చూచుటకు ముచ్చటగనే ఉండును. హైదరాబాదు కోఠీలో గుజరాతీ గల్లీకి పోయినచో ఎలక్ట్రానిక్ విడిభాగములు దొరుకును. చార్మినారు ప్రక్కన లాడ్ బజారులో లక్కగాజులు దొరుకును. ఈ రెండు వీధుల పనితనమును కలుపుట కాలము వృథా చేయుట యని పెద్దలు కొందరు అనవచ్చును. నా అభిప్రాయము వేరు.

ముందుగా ఆ రంగుల సంగతి. నలుపు 0, గోధుమ 1, ఎరుపు 2, నారింజ 3, పసుపు 4, ఆకుపచ్చ 5, నీలము 6, ఊదా 7, బూడిద 8, తెలుపు 9. చివర బంగారు గీత యున్నచో విలువలో నూటికి 5 వరకు తేడా ఉండవచ్చును. వెండి గీతయైనచో 10. ఈ పట్టికను వల్లెవేసి, పరీక్ష ముగియగానే మరచినవారిలో నేనును ఒకడను. కాని తరగతిలో 47వ సంఖ్య గల విద్యార్థిని పసుపు, ఊదా, నలుపు గీతల రెసిస్టరును, అనగా 47 ఓములదానిని, చెవికి లోలకుగా పెట్టుకొన్నచో ఆ రంగులను జన్మలో మరువదు. ప్రక్కన కూర్చున్నవారును మరువరు.

ఇక తాయెత్తుల మాట. డయోడు విద్యుత్తును ఒకే దిశలో పోనిచ్చును. కనుక దానిని పర్సుకు కట్టి, గీత యున్న కొనను లోపలివైపు త్రిప్పినచో, డబ్బు లోనికి వచ్చునే గాని బయటికి పోదట! తిరుగవేసి కట్టినవాని గతి చెప్పనక్కరలేదు. చదివినది నిలువ యుండుటకు కెపాసిటరు, కోపిష్టికి ఫ్యూజు. నవ్వు వచ్చినదనగా ఆ భాగము చేయు పని తెలిసినదన్నమాటే.

ఇది విశ్వాసములను ఎగతాళి చేయుట కాదా యని ఒక మిత్రుడు అడిగెను. కాదు. ఎగతాళికి తగినవారు వేరే ఉన్నారు. వారు శాస్త్రము పేరు చెప్పి తాయెత్తులు అమ్మువారు. 5జీ తరంగముల నుండి కాపాడునని అమ్మిన పతకములు మొదలగు పది వస్తువులు తామే రేడియోధార్మిక కిరణములను వెలువరించుచున్నవని 2021 డిసెంబరులో నెదర్లాండ్స్ అణుభద్రతా సంస్థ ప్రకటించి, వాటిని ధరింపవద్దని హెచ్చరించెను. వాటిలో పిల్లల కంకణము కూడ ఒకటి! మన డయోడు ఏ మహిమయు చూపదు. చూపునని ఎవరును నమ్మరు.

జాగ్రత్తలు లేకపోలేదు. పాత బోర్డుల అతుకులలో సీసము ఉండును. అది చర్మమునకు తగులరాదు, పని ముగియగానే చేతులు కడుగుకొనవలెను. కెమెరా ఫ్లాషులోని కెపాసిటరు 300 వోల్టుల వరకు దాచుకొనును గనుక దాని జోలికి పోరాదు.

కమిటీవారికి మా విన్నపము చిన్నది. ప్రయోగశాల అలమారలలో మూలుగుచున్న పాడైన బోర్డులు, కిటికీ ప్రక్కన ఒక బల్ల, రెండు సోల్డరింగు ఇనుములు, పొగ లాగు ఒక పంకా, తోడుగా అనుభవజ్ఞుడైన ఒక అటెండరు. మిగిలిన తుక్కును చెత్తకుండీలో వేయక, నమోదైన రీసైక్లింగు సంస్థకే అప్పగింతుము. తొలి డయోడు తాయెత్తును కళాశాల కోశాధికారిగారికి సమర్పింతుము. గీత ఏవైపు ఉండవలెనో మేమే చూచి కట్టెదము.