మీటరు చెప్పని లెక్క

పాత సరకుల బండి కొనబోయే వ్యక్తి చూపు మొదట పడేది కిలోమీటర్ల మీటరు మీద. మూడు లక్షలు తిరిగినట్లు కనిపిస్తే పెదవి విరుస్తాడు. ఎనభై వేలేనంటే మరో ప్రశ్న వేయకుండా బయానా చేతిలో పెడతాడు. చిన్న రవాణాదారుల పాలిట ఇది ఎంతో ప్రమాదకరమైన అలవాటు. ఎంపిక బెడిసికొడితే పోయేది ఒక యంత్రం మాత్రమే కాదు, కుటుంబం యావత్తూ ఆధారపడిన జీవనోపాధి.

టాటా 407 మార్కెట్లోకి వచ్చింది 1986లో. జపాన్ కంపెనీల సహకారంతో తేలికపాటి ట్రక్కుల తయారీ ఊపందుకున్నదీ ఆ దశకంలోనే. నాటి మెదక్ జిల్లా జహీరాబాద్‌లోని ఆల్విన్ నిస్సాన్ కర్మాగారం అందులో భాగం. 2005లో టాటా ఏస్, 2011లో అశోక్ లేలాండ్ దోస్త్ రంగప్రవేశం చేశాయి. సరకుతో కలిపి మొత్తం బరువు మూడు టన్నులు మించని వాహనాలకు పర్మిట్ అక్కర్లేదని మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ మినహాయించడం చిన్నవారికి కలిసివచ్చింది. అయినా కొత్త బండికి ముందస్తు సొమ్ము సమకూర్చుకోలేని డ్రైవరు యజమాని కాగలిగేది పాత బండి ద్వారానే. ఎక్కువ దూరం తిరిగిన బండి కాబట్టే ధర అతని అందుబాటులో ఉంటుంది.

మీటరు అంకెను వెనక్కి తిప్పడం ఈ వ్యాపారంలో కొత్త విద్య కాదు. అంకెల చక్రాలు పోయి డిజిటల్ మీటర్లు వచ్చినా ఆ విద్య అంతరించలేదు. ఆ మాటకొస్తే, మీటరు నిజమే చెప్పినా అది చెప్పేది దూరం గురించే తప్ప మోసిన బరువు గురించి కాదు.

పత్రికా కార్యాలయాల్లో రాత్రి విధులు నిర్వర్తించేవారికి అర్ధరాత్రి దాటాక కట్టలు నింపుకొని జిల్లాలకు బయలుదేరే వ్యానులు సుపరిచితం. రానూపోనూ రోజుకు మూడు వందల కిలోమీటర్లు తిరిగే వ్యాను ఏడాదిలో లక్ష దాటేస్తుంది. కానీ దాని ఇంజిను ఒకసారి వేడెక్కాక ఇంచుమించు ఒకే వేగంతో గంటల తరబడి నడుస్తుంది. క్లచ్ తొక్కే అవసరం, గేరు మార్చే అవసరం తక్కువ. దీనికి భిన్నంగా, ఇటుక బట్టీ నుంచి ఊళ్లోకి ఐదారు కిలోమీటర్లు తిరిగే బండిని తీసుకోండి. మోయగలిగిన దానికి రెట్టింపు బరువు, గతుకుల బాట, నిమిషానికోసారి మొదటి గేరు. అది ఎనభై వేల కిలోమీటర్లకే నడుము విరిగి ఉండవచ్చు. ఈ రెండింటిలో మూడు లక్షల వ్యానే మేలైన బేరమని నిస్సంకోచంగా చెప్పవచ్చు. ఇటీవల కాలపు డీజిల్ బండ్లలో ఈ తేడా మరింత పెరిగింది. దేశమంతటా 2020 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన బీఎస్-6 ప్రమాణాల డీజిల్ వాహనాల్లో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. హైవే మీద వేడికి ఆ మసి కాలిపోతుంది, వీధుల్లోనే తిరిగే బండిలో పేరుకుపోతుంది. ఫిల్టరు మార్చవలసి వస్తే ఖర్చు భారీగా ఉంటుంది.

కాబట్టి బండిని చూడబోయేవారు తెల్లవారుజామునే వెళ్లడం ఉత్తమం. విక్రేత ముందే ఇంజిను వేడి చేసి ఉంచితే అనుమానించవలసిందే. చల్లని ఇంజిను ఎంతసేపటికి అందుకుంటుందన్నదే అసలు పరీక్ష. నీలి పొగ ఆగకుండా వస్తుంటే ఆయిల్ కాలుతున్నట్లు. ఇంజిను నడుస్తుండగా ఆయిల్ మూత తీసినప్పుడు పొగ ఎగదన్నితే లోపల పిస్టన్ రింగులు అరిగినట్లు లెక్క. ఆ తర్వాత బండి కిందికి దూరాలి. కమాన్ పట్టీలు ఛాసిస్‌కు అమరే చోట కొత్త వెల్డింగు, తాజా నల్లరంగు కనిపిస్తే మరో బండి చూసుకోవడం మంచిది. ఇంజినును విప్పి బాగుచేయవచ్చు, పగిలిన ఛాసిస్‌ను మాత్రం మునుపటి బలానికి తేవడం దాదాపు అసాధ్యం. బ్రేకు పెడల్ రబ్బరు అరిగి నున్నబడి ఉండి, మీటరు నలభై వేలే చూపిస్తుంటే ఎవరిని నమ్మాలో వేరే చెప్పనక్కర్లేదు.

బండి ఎంత బాగున్నా మూడు లక్షలు తిరిగిన దానికి క్లచ్, ఇంజెక్టర్లు, టర్బో, బుష్‌ల ఖర్చు ఎప్పుడైనా రావచ్చు. అందుకు కొంత సొమ్ము విడిగా ఉంచుకోకుండా మొత్తం బేరానికే పోయడం తగదు.

అప్పు విషయంలో జాగ్రత్త మరీ అవసరం. మూడు లక్షల రూపాయల రుణాన్ని మూడేళ్లకు 12 శాతం ఫ్లాట్ వడ్డీకి ఇస్తామంటే నెలవారీ వాయిదా 11,333 రూపాయలవుతుంది. తీరుతున్న అసలును లెక్కలోకి తీసుకుంటే ఆ వడ్డీ వాస్తవానికి 21 శాతం పైమాటే. ఇంకో సంగతి. 2025 సెప్టెంబరు 22న సరకు రవాణా వాహనాలపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకుముందు నాటి కొత్త బండి ధరను ఆధారం చేసుకొని పాత బండి ధర చెప్పే దళారులతో ఆ తగ్గింపు గురించి ప్రస్తావించి తీరాలి.

దిగుమతుల నిషేధం మూలంగా శ్రీలంకలో 2020 తర్వాత పాత వాహనాల ధరలు కొండెక్కాయి. కొరత వల్ల ధర పెరుగుతుందే గాని బండి గట్టిపడదు.

ఇక కాగితాలు. 29, 30 నంబరు ఫారాలు, రుణం తీరినట్లు ఫైనాన్స్ సంస్థ ఇచ్చే 35వ నంబరు ఫారం, వేరే రాష్ట్రపు బండి అయితే నిరభ్యంతర పత్రం ఉండితీరాలి. పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఢిల్లీలో నిషేధించగా, 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2025లో కోర్టు కొంత సడలింపు ఇచ్చినా, ఆ ఆంక్షల ఒత్తిడితో ఇతర రాష్ట్రాలకు తరలిన బండ్ల విషయంలో ఈ పత్రం కీలకం. అమ్మేవారికీ ముప్పు లేకపోలేదు. రిజిస్ట్రేషన్‌లో పేరు మారనంత కాలం ప్రమాద పరిహారానికి రికార్డులోని యజమానే బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లోనే స్పష్టం చేసింది.

ఇన్ని జాగ్రత్తలూ కొనేవాడి నెత్తినే వేయడం న్యాయమా అన్నది అసలు ప్రశ్న. అమెరికా 1972లోనే మీటరు తిప్పడాన్ని చట్టవిరుద్ధం చేసింది. బ్రిటన్‌లో వార్షిక తనిఖీలో నమోదైన మైలేజీని బండి నంబరు ఆధారంగా ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. మన దేశంలోనూ రవాణా వాహనాలు మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, ఆపైన ఏటా ఫిట్‌నెస్ పరీక్షకు రావలసిందే. అంటే మీటరు తనిఖీదారు కళ్లెదుటికి ఏడాదికో రెండేళ్లకో వస్తూనే ఉంది. అయినా ఎం-పరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే రిజిస్ట్రేషన్ తేదీ, బీమా, ఫిట్‌నెస్ గడువు కనిపిస్తాయే తప్ప కిలోమీటర్ల చరిత్ర కనిపించదు. తనిఖీ రోజున మీటరు అంకెను నమోదు చేసి, అదే యాప్‌లో తేదీల వారీగా చూపిస్తే చాలు. గత ఏడాది లక్షా ఎనభై వేలున్న బండి ఈ ఏడాది తొంభై వేలకు ఎలా దిగిందని అడిగే వీలు సామాన్య డ్రైవరుకు కలుగుతుంది. ఇందుకు పెద్దగా ఖర్చు కూడా కాదు. 2022 ఏప్రిల్‌ నుంచి పదిహేనేళ్లు దాటిన వాహనాల ఫిట్‌నెస్ రుసుములను భారీగా పెంచిన కేంద్ర రహదారి రవాణా శాఖ, వసూలు చేస్తున్న సొమ్ముకు బదులుగా ఈపాటి సమాచారాన్ని అందించలేనని చెప్పజాలదు.