లోతు చూడటానికి రెండు కళ్లు చాలు

త్రీడీ అంటే కళ్లద్దాలు ఉండాల్సిందేనని చాలామంది నమ్మకం. ‘చిన్నారి చేతన’ సినిమాకు హాల్లో అద్దాలు పంచిన రోజుల నుంచీ పాతుకుపోయిందది. ఇప్పటి పిల్లలైతే ఏకంగా వీఆర్ హెడ్‌సెట్ కావాలని పేచీ పెడుతున్నారు. గీదం బజారులో ఫొటో స్టూడియో నడుపుకొనే నేను చెప్పేది ఒక్కటే. కొనేముందు, ఉన్న కళ్లతో చూడటం నేర్పండి. కాణీ ఖర్చు లేని పని.

నా దగ్గరికొచ్చే కుర్రాళ్ల చేతిలో మొదట పాస్‌పోర్టు ఫొటోల షీటు పెడతాను. వరసగా ఒకే మొహం. ముక్కుకూ షీటుకూ మధ్య పెన్సిల్ నిలబెట్టి దాని మొననే చూడమంటాను. వెనకున్న మొహాలు రెండేసిగా విడిపోయి, పక్కకు జరిగి, ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. షీటు ముందుకొచ్చినట్టు ఉంటుంది గానీ మొహాలు చదునుగానే ఉంటాయి. అన్నీ ఒకే ఫొటో కదా! ఎడమ కంటికీ కుడి కంటికీ కనబడేదాంట్లో తేడా ఉంటేనే లోతు. చార్లెస్ వీట్‌స్టన్ అనే ఆంగ్లేయుడు 1838లోనే గీతల బొమ్మలతో దీన్ని రుజువు చేశాడు. అప్పటికి ఫొటోగ్రఫీ సంగతే లోకానికి తెలియదు.

ఆ తేడా పట్టడానికి ఫోన్ చాలు. బార్సూర్‌లోని బత్తీసా గుడికి వెళ్లండి. రాతి స్తంభాల ముందు నిలబడి, ఒళ్లు ఎడమ కాలి మీదికి వంచి ఒక ఫొటో, కుడి కాలి మీదికి వంచి ఇంకొకటి తీయండి. కెమెరా ఆరేడు సెంటీమీటర్లు జరిగితే సరిపోతుంది. మన కళ్ల మధ్య దూరమూ ఇంచుమించు అంతే. ఎడమ నుంచి తీసింది కుడిపక్కన, కుడి నుంచి తీసింది ఎడమపక్కన పెట్టి మళ్లీ పెన్సిల్ మొన చూడండి. రెండు బొమ్మలు మూడవుతాయి. నడిమిదాని మీద చూపు కుదిరాక పెన్సిల్ తీసేయండి. ముందు స్తంభం ఇవతలికొస్తుంది, వెనకవి లోపలికి పోతాయి. ఫొటోలు తారుమారైతే దగ్గరిది దూరంగా, దూరానిది దగ్గరగా కనబడుతుంది. చిత్రకోట్ జలపాతం మాత్రం ఇలా లొంగదు. రెండో ఫొటో తీసేలోగా నీళ్లు మారిపోతాయి. బండలు కుదురుతాయి, నీటిధార మిణుకుమంటూ చికాకు పెడుతుంది.

దూరపు కొండలకు ఆరేడు సెంటీమీటర్లు ఏ మూలకూ చాలవు. విశాఖ–కిరండూల్ ప్యాసింజర్ కిటికీలోంచి బైలదిల్లా కొండలను వెంటవెంటనే రెండుసార్లు తీయండి. దగ్గరి చెట్లు ఫ్రేములోకి రాకుండా చూసుకుంటే చాలు, మిగతా పని రైలే చేసిపెడుతుంది. 2005లో శ్రీహరికోట నుంచి ఎగిరిన కార్టోశాట్-1 పనిచేసిందీ ఈ సూత్రంతోనే. ఒక కెమెరా ముందుకు, మరొకటి వెనక్కి వంచి, ఒకే నేలను రెండు కోణాల్లో తీసింది. ఆ జంట చిత్రాల నుంచే దేశపు ఎత్తుపల్లాల లెక్క కట్టారు.

ఇలా చూస్తుంటే మెల్లకన్ను వస్తుందని పెద్దలు గదమాయిస్తుంటారు. కావాలని కాసేపు కళ్లు దగ్గరికి తెచ్చినంత మాత్రాన మెల్ల రాదు. కళ్లు లాగితే ఆపేస్తే సరి. అసలు పట్టించుకోవాల్సింది వేరే ఉంది. ఎంత చూసినా లోతు కనబడని పిల్లలు కొందరుంటారు. కొందరికి కిటుకు ఆలస్యంగా పట్టుబడుతుంది, అంతే. మరికొందరికి ఒక కన్ను మందగించి ఉండొచ్చు, కనబడనంత మెల్ల ఉండొచ్చు. పుట్టినప్పటి నుంచీ లోకం అలాగే కనబడుతుంది కాబట్టి ఆ సంగతి వాళ్లకే తెలియదు. అమెరికా శాస్త్రవేత్త సుసాన్ బ్యారీకి చిన్ననాటి మెల్ల వల్ల లోతు తెలిసేది కాదు. నలభై దాటాక కంటి కసరత్తులతో ఆ చూపు వచ్చింది. అంతకాలం ఆగాల్సిన పనేముంది?

బడి గోడకు ఒక జత ఫొటోలు అంటించడానికి ఏ గ్రాంటూ అక్కర్లేదు. మాస్టార్లకు నా మనవి ఇదే. పిల్లలందరిచేతా చూపించండి. కనబడలేదన్న బిడ్డను కసురుకోకుండా కంటి డాక్టరు దగ్గరికి పంపండి.